పికప్‌లో ఆయిల్ ముల్లు చూపించేది లీటర్లు కాదు

నరసన్నపేటలో మా బావకి ఒక పికప్ ఉంది. పలాస జీడిపప్పు, తీరంలో చేపల పెట్టెలు, ఉద్దానం కొబ్బరికాయలు, ఏ కిరాయి తగిలితే అది. కిందటి వేసవిలో ఓ రాత్రి కొబ్బరికాయల లోడుతో బండి వచ్చి ఆగింది. అప్పుడు ఆయిల్ ముల్లు, అంటే ట్యాంకులో డీజిల్ ఎంతుందో చూపించే ముల్లు, సగం మీద ఉంది. రాత్రే కాయలు దించేశారు. పొద్దున్నే తాళం తిప్పితే ముల్లు సగానికి బాగా కింద, పావు గీతకు దగ్గర్లో ఉంది. మా బావ ఏమీ అనలేదు గానీ డ్రైవర్ వైపు ఒక చూపు చూశాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, ముప్పై ఏళ్లుగా స్టీరింగ్ పట్టినవాడు. ఆ చూపు అర్థమైపోయింది. "నానేటి, డీజిల్ తాగేసినానా బావూ?" అన్నాడు. తర్వాత మూడు రోజులు ఇద్దరికీ పని మాటలు తప్ప వేరే మాట లేదు.

ఇలాంటి గొడవ లేని కిరాయి బండి దొరకడం కష్టం. ఓనరు డ్రైవర్ని అనుమానిస్తాడు, డ్రైవర్ బంకువాణ్ణి అనుమానిస్తాడు, మెకానిక్ ట్యాంకులో ఆయిల్ కొలిచే యూనిట్ మార్చేయమంటాడు. ముగ్గురూ సాక్షిగా తెచ్చేది ఆ ముల్లునే. ఆ సాక్షికి అసలు తెలిసింది ఎంత?

లీటరు ముల్లుగా మారే దారి

ట్యాంకులో ఒక ఫ్లోట్ ఉంటుంది. పేరుకి తేలే బంతి, చూడ్డానికి మాత్రం ఇప్పుడు చాలా బండ్లలో చిన్న ప్లాస్టిక్ ముక్క. దానికి ఒక సన్నని కమ్మీ, కమ్మీ రెండో కొసన ఒక కాంటాక్ట్. ఆయిల్ తగ్గితే ఫ్లోట్ దిగుతుంది, కమ్మీ తిరుగుతుంది, కాంటాక్ట్ ఒక పట్టీ మీద జరుగుతుంది. అది ఎక్కడ ఆగిందన్నదాన్ని బట్టి కరెంటుకు ఎదురయ్యే నిరోధం మారుతుంది. దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. షాపులో ట్యాంక్ యూనిట్ అని అడిగితే ఇచ్చేది ఈ మొత్తం సామానే. దాన్నుంచి ఒక వైరు డ్యాష్‌బోర్డుకి వెళ్తుంది, ఇంకొకటి ఛాసిస్‌కి ఎర్త్ అవుతుంది.

అంటే లీటర్లు ముందు ఎత్తుగా మారతాయి, ఎత్తు ఓమ్‌లుగా మారుతుంది, ఓమ్‌లు ముల్లుగా మారతాయి. మూడు చోట్లా తేడా రావచ్చు. ఒక్కోసారి రెండు చోట్ల తేడాలు ఒకదాన్నొకటి కప్పేసి, ముల్లు సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది కూడా.

ఎత్తు వేరు, లీటర్లు వేరు

పాత లారీల డ్రైవర్లు ట్యాంకు మూత తీసి కర్ర ముంచి చూసేవారు. ఫ్లోట్ చేసేదీ అదే పని, కాకపోతే కర్రకి బదులు కరెంటు. కర్రకున్న ఇబ్బందే దీనికీ ఉంది. అడ్డంగా పడుకోబెట్టిన గుండ్రటి డ్రమ్ములో కర్ర ముంచి చూడండి. సగం ఎత్తు తడిస్తే సగం డ్రమ్మే, అందులో తేడా లేదు. పావు ఎత్తు తడిస్తే మాత్రం ఉన్నది పావు కాదు, సుమారు 19.5 శాతం, అంటే అయిదో వంతు కూడా లేదు.

పికప్ ట్యాంకు ఇంకా వంకరగా ఉంటుంది. ఛాసిస్ పక్కన ఉన్న ఖాళీలో పట్టాలి కాబట్టి ఒక చోట నొక్కి, ఒక చోట ఉబ్బించి, అడుగున సన్నం చేసి తయారుచేస్తారు. లెక్క కోసం 45 లీటర్ల ట్యాంకు అనుకుందాం. ఎత్తుని నాలుగు భాగాలు చేస్తే అడుగు పావులో 7 లీటర్లు, పైన 12, ఆ పైన 13, చివరి పావులో 13 పడతాయనుకుందాం. ముల్లు పావు మీద ఉంది. ఓనరు 45ని నాలుగుతో భాగించి 11 లీటర్ల చిల్లర ఉందనుకుంటాడు. లీటరుకి 13 చొప్పున 146 కిలోమీటర్లు. శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం దాదాపు 130, కాబట్టి దర్జాగా వెళ్లిపోవచ్చు, సరిహద్దు దాటి ఒడిశా బంకులో తక్కువ రేటుకి కొట్టించుకోవచ్చు. నిజంగా ఉన్నది 7 లీటర్లు, 91 కిలోమీటర్లకు సరిపడా. బండి పలాస దాటాక ఎక్కడో హైవే పక్కన ఆగుతుంది.

బండి తయారుచేసేవాళ్లకి ఈ సంగతి తెలియక కాదు. నిరోధం పట్టీని ట్యాంకు ఆకారానికి తగ్గట్టు ఒక చోట ఒత్తుగా, ఒక చోట పలచగా చేస్తారు. కొత్త బండ్లలో ఏ ఓమ్‌కి ఎన్ని లీటర్లో మీటరు లోపలి సాఫ్ట్‌వేర్‌లో పట్టికగా రాసి పెడతారు. ఈ సర్దుబాటంతా ఆ ట్యాంకుకీ ఆ యూనిట్‌కీ మధ్య కుదిరిన ఒప్పందం. యూనిట్ పాడైందని "ఇదీ సరిపోద్ది" అంటూ వేరే మోడల్‌ది బిగిస్తే బోల్టులు సరిపోతాయి, లెక్క సరిపోదు. కమ్మీ పొడవు ఒక్క సెంటీమీటరు తేడా ఉన్నా సగం అన్నది సగం కాకుండా పోతుంది.

పై కొసన ఇంకో చిత్రం. ట్యాంకు నిండా కొట్టించాక ఎన్నో కిలోమీటర్లు తిరిగినా ముల్లు ఫుల్ మీంచి కదలదు. మైలేజీ అదిరిపోయిందని సంబరపడేలోపు అది జారడం మొదలుపెడుతుంది. కమ్మీ పైకి వెళ్లగలిగినంత వెళ్లి ఆగిపోయాక కూడా ట్యాంకులో ఇంకా కొన్ని లీటర్లు పడతాయి. ఆ లీటర్లు ఖర్చయ్యేదాకా ఫ్లోట్‌కి కబురే అందదు.

లోడు ఎక్కితే ముల్లు కూడా కదులుతుంది

కారులో పెద్దగా పట్టించుకోని ఈ సంగతి పికప్‌లో అసలు విషయం. ఖాళీ పికప్‌ని పక్కనుంచి చూస్తే వెనక భాగం కాస్త ఎత్తుగా కనిపిస్తుంది. లోడు ఎక్కితే స్ప్రింగు పట్టీలు కుంగి వెనక దిగుతుంది. ట్యాంకు కూడా బండితో పాటే వంగుతుంది, అందులోని ఆయిల్ మాత్రం నేలకి సమంగానే నిలుస్తుంది.

లోడుకి వెనక 10 సెంటీమీటర్లు కుంగిందనుకోండి. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 3 మీటర్లు. ఫ్లోట్ ట్యాంకు నడిమధ్యన కాకుండా వెనక్కి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే అక్కడ ఆయిల్ మట్టం 1 సెంటీమీటరు పెరిగినట్టు కనిపిస్తుంది. ట్యాంకు ఎత్తు 22 సెంటీమీటర్లయితే అది నాలుగున్నర శాతం, 45 లీటర్లలో 2 లీటర్లు. లోడు దించేస్తే ఆ 2 లీటర్లు "మాయం". ఫ్లోట్ ముందువైపు ఉన్న బండిలో దీనికి సరిగ్గా తిరగబడుతుంది.

వాలు మీద ఇంకా ఎక్కువ. 5 డిగ్రీల వాలులో బండి పెడితే అదే ఫ్లోట్ దగ్గర తేడా 2.6 సెంటీమీటర్లు, అంటే ట్యాంకులో ఎనిమిదో వంతుకి దగ్గర. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతున్నప్పుడు ఒక లెక్క, దిగేటప్పుడు ఇంకో లెక్క చూపిస్తే అందుకు తప్పు పట్టాల్సింది ముల్లుని కాదు.

రాత్రి చల్లదనం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. డీజిల్ ఇంజన్ వాడుకోగా మిగిలిన ఆయిల్ వేడెక్కి తిరిగి ట్యాంకులోకే వస్తుంది. రాత్రంతా నిలబడ్డ బండిలో అది చల్లారి కొంచెం ముడుచుకుంటుంది. 40 లీటర్లు 15 డిగ్రీలు చల్లారితే తగ్గేది సుమారు అర లీటరు. ముల్లు మీద అది గుర్తించడం కష్టం. గీతలు చూపించే డిజిటల్ మీటరులో అయితే ఒక గీత ఆరిపోవడానికి అది చాలు. 45 లీటర్లకు 8 గీతలంటే ఒక్కో గీత అయిదున్నర లీటర్ల పైమాటే. ఆరిపోయిన గీత వెనక అయిదు లీటర్లు పోయి ఉండొచ్చు, టీ గ్లాసుడు పోయి ఉండొచ్చు. డిస్‌ప్లేకి రెండూ ఒకటే.

ఉప్పునీరు, తుప్పు, ఒక ఎర్త్ వైరు

ఇక కరెంటు వైపు వద్దాం. తీరప్రాంతంలో ఎక్కువ బండ్లు ఇక్కడే దెబ్బతింటాయని నా అభిప్రాయం. చేపల పెట్టెల్లో ఐసు కరిగి, ఉప్పు కలిసి, బాడీ సందుల్లోంచి ఛాసిస్ మీదికి కారుతుంది. ఎర్త్ బోల్టు ఉండేది ఆ ఛాసిస్ మీదే. బోల్టు చుట్టూ తుప్పు పట్టిందంటే వైరు తెగకపోయినా కరెంటుకు దారి ఇరుకవుతుంది. ట్యాంక్ యూనిట్ ఓమ్‌లకు తుప్పు ఓమ్‌లు కలుస్తాయి, మీటరుకి ఆ రెంటినీ విడదీసే తెలివి లేదు.

యూనిట్లు ప్రధానంగా రెండు రకాలు. ఒక రకంలో ఖాళీకి తక్కువ ఓమ్‌లు, నిండుకు ఎక్కువ. యూరప్ పద్ధతిలో బాగా వాడుకలో ఉన్న అంకెలు ఖాళీకి 10, నిండుకు 180. రెండో రకం తిరగేసి ఉంటుంది. అమెరికా పద్ధతిలో ఖాళీకి 240, నిండుకు 33. తుప్పు వల్ల 20 ఓమ్‌లు అదనంగా చేరాయనుకుందాం. మొదటి రకంలో ఖాళీకీ నిండుకూ మధ్య తేడా 170 కాబట్టి 20 అంటే ఎనిమిదో వంతుకి కాస్త తక్కువ. ముల్లు అంత పైకి చూపిస్తుంది, 45 లీటర్ల ట్యాంకులో లేని 5 లీటర్లు ఉన్నట్టు. రెండో రకంలో తేడా 207, అదే తుప్పుకి ముల్లు దాదాపు పదో వంతు కిందికి చూపిస్తుంది, ఉన్న 4 లీటర్లు లేనట్టు. జబ్బు ఒకటే, ఒక బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది, ఇంకో బండిలో డ్రైవర్ దొంగవుతాడు.

వైరు పూర్తిగా తెగితే నిరోధం అనంతం. మొదటి రకం ముల్లు ఫుల్ దాటి ఉండిపోతుంది, రెండో రకం ముల్లు ఖాళీ మీద పడిపోతుంది. వైరు ఛాసిస్‌కి తగిలితే దీనికి తారుమారు. మెకానిక్‌లు ట్యాంక్ యూనిట్‌కి వైరు కలిపే కప్లర్ ఊడదీసి, వైరుని ఒకసారి ఛాసిస్‌కి తాకించి, ముల్లు ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్తుందా అని చూసేది అందుకే. వెళ్తే మీటరు, వైరు బాగున్నట్టు, తేడా ట్యాంకు వైపో ఎర్త్ దగ్గరో ఉన్నట్టు. పాత తరం బండ్లలో ఇంకో గుర్తు ఉంది. ఆయిల్ ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ ఒకేసారి పైకి పోతే ట్యాంకు జోలికి వెళ్లనక్కర్లేదు. ఆ రెండింటికీ సమంగా కరెంటు ఇచ్చే చిన్న స్టెబిలైజర్ పోయి ఉంటుంది.

పట్టీ అరుగుదల సంగతి చాలామంది గమనించరు. కాంటాక్ట్ ఎక్కడ ఎక్కువగా తిరుగుతుందో అక్కడే పట్టీ అరుగుతుంది. రోజూ 500 రూపాయలకు కొట్టించే బండిలో ఫ్లోట్ ఎప్పుడూ అడుగు పావులోనే ఆడుతుంది. కచ్చితంగా తెలియాల్సిన చోటే ముల్లు వణకడం, ఉన్నట్టుండి పడిపోయి మళ్లీ లేవడం మొదలవుతుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు అదే ముల్లు బుద్ధిగా ఉంటుంది.

ఆయిల్‌లో కల్తీ వల్ల యూనిట్ పోయిందనే మాటా వింటుంటాం. అలాంటిది అసలు జరగదని అనలేం. 2004లో అమెరికాలో ఫ్లోరిడా, మరికొన్ని చోట్ల పెట్రోలులో గంధకం ఎక్కువై ట్యాంక్ యూనిట్లలోని వెండి కాంటాక్టులు దెబ్బతిన్నాయి. చాలా బండ్లలో ముల్లులు తప్పుడు లెక్క చూపించాయి. మన దగ్గర 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అనే కాలుష్య ప్రమాణానికి తగ్గ ఇంధనమే అమ్ముతున్నారు. అందులో గంధకం పది లక్షల పాళ్లలో 10కి మించకూడదు, అంతకుముందు బీఎస్-4లో అది 50. కాబట్టి ఇప్పుడు గంధకాన్ని అనుమానించేకంటే ట్యాంకులో చేరిన నీళ్లని, మడ్డిని, ఎర్త్ బోల్టుని అనుమానించడం మేలు.

సున్నా అంటే ఎంత?

ముల్లు ఖాళీ గీత మీదికి వచ్చినా బండి వెంటనే ఆగదు. కొన్ని లీటర్లు ఉండగానే ఖాళీ అని చూపించేలా కావాలనే అమర్చుతారు. ఇది మంచిదా కాదా అన్నదాని మీద రెండు మాటలున్నాయి. డీజిల్ బండి పూర్తిగా ఎండిపోతే పైపుల్లోకి గాలి చేరి ఎయిర్ లాక్ అవుతుంది, మళ్లీ ఆయిల్ పోసినా గాలి తీయందే స్టార్ట్ కాదు. పెట్రోలు బండ్లలో పంపు ట్యాంకులోనే ఉంటుంది, చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. అందుకని కొంత దాచి చూపించడమే న్యాయం అంటారు ఒక వైపు. రెండో వైపు డ్రైవర్లు. దాచారని తెలిశాక ఖాళీ గీతకు విలువ ఎక్కడుంది, దాని కింద ఇంకో నలభై కిలోమీటర్లు వస్తుందని ఎవరికి వారు లెక్కేసుకుని నడుపుతారు, ఎప్పుడో ఒకసారి తప్పుతుంది అంటారు. రెండు మాటల్లోనూ అబద్ధం లేదు.

రిజర్వ్ లైటు కొన్ని బండ్లలో అదే ఫ్లోట్ చెప్పినట్టు వెలుగుతుంది, కొన్నింటిలో దానికి విడిగా చిన్న సెన్సర్ ఉంటుంది. విడిగా ఉన్నచోట ముల్లు పాడైనా లైటు నమ్మకంగా పనిచేయొచ్చు. ఇక కొత్త బండ్లలో "ఇంకా ఇన్ని కిలోమీటర్లు" అని చూపించే అంకె ఉందే, అది కొలత కాదు, అంచనా. నిన్న ఖాళీ బండితో హైవే మీద వచ్చిన మైలేజీని పట్టుకుని ఇవాళ్టి లెక్క చెబుతుంది. లోడుతో ఘాట్ ఎక్కితే ఆ అంకె కిలోమీటరుకి రెండేసి, మూడేసి చొప్పున పడిపోతుంది.

ఇంకో మాట. కుదుపులకు ముల్లు ఊగకుండా సాఫ్ట్‌వేర్ కావాలనే నిదానంగా స్పందిస్తుంది. కొన్ని బండ్లలో రెండు, మూడు లీటర్లు పోయిస్తే అది ఆయిల్ అని గుర్తించకుండా కుదుపే అనుకుంటుంది. బంకులోంచి బయటికి వచ్చి చూస్తే ముల్లు లేవలేదు, తిరిగి వెళ్లి తగాదా.

బంకు మీద అనుమానం వస్తే

ఈ తగాదా తేల్చడానికి ముల్లు పనికిరాదు, అయిదు లీటర్ల కొలపాత్ర పనికొస్తుంది. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న పాత్ర ప్రతి బంకులోనూ ఉండాలి, అడిగితే అందులో కొట్టి చూపించాలి. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు తేడాని అనుమతిస్తారు. తరచూ వినిపించే రెండో ఫిర్యాదు, "45 లీటర్ల ట్యాంకులో 48 ఎలా పట్టింది?" అని. పుస్తకంలో రాసే సామర్థ్యం అంచు దాకా పట్టే కొలత కాదు. వేడికి ఆయిల్ ఉబ్బడానికి పైన ఖాళీ వదిలి చెప్పిన అంకె అది. మూతి దాకా నింపితే అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆ 48 మోసానికి రుజువు కాదు. మోసం లేదనడానికీ రుజువు కాదనుకోండి, దానికి కొలపాత్రే దిక్కు.

డీజిల్ పోయిందో లేదో తేలేదెలా

ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్ లెక్క అందరికీ తెలిసిందే. అందులో ఎంత తేడాకి విలువ ఇవ్వాలో మాత్రం తక్కువమంది చూస్తారు. ఒకసారి నింపాక 412 కిలోమీటర్లు తిరిగి, మళ్లీ నింపితే 33.5 లీటర్లు పట్టిందనుకుందాం. మైలేజీ 12.3. పంపు గన్ ఆటో కట్ అయ్యే చోటు ప్రతిసారీ ఒకటే కాదు. బండి వాలుని బట్టి, నురుగుని బట్టి లీటరు అటూఇటూ అవుతుంది. అప్పుడు అసలు మైలేజీ 11.9 కావచ్చు, 12.7 కావచ్చు. ఈ ఒక్క లెక్క చూపించి లీటరు పోయిందనడానికి లేదు.

అదే మూడుసార్లు వరుసగా నింపి మొత్తం కలిపితే 1,240 కిలోమీటర్లకు 100.8 లీటర్లు. ఇప్పుడూ తేడా ఆ ఒక్క లీటరే, ఎందుకంటే మధ్యలో నింపినవన్నీ లెక్కలోకి వచ్చేశాయి. మైలేజీ 12.2 నుంచి 12.4 మధ్యకి బిగుసుకుంటుంది. ఈలోగా ఎవరైనా 10 లీటర్లు తీసి ఉంటే అంకె 11.2కి పడిపోయి కనిపిస్తుంది. ఆ నెలలో ఘాట్ ట్రిప్పులు ఎక్కువున్నా, లోడు ఎక్కువున్నా కూడా పడుతుంది కాబట్టి ట్రిప్పుల పుస్తకం పక్కన పెట్టుకునే చదవాలి. ఓనర్ల అనుమానం ఊరికే పుట్టదు, డీజిల్ దొంగతనాలు ఉన్నాయి. వాటిని పట్టుకునేది పుస్తకమే.

మా బావ బండి సంగతికొస్తే, నాలుగో రోజు పొద్దున్న ఇద్దరూ బంకుకి వెళ్లి ఆటో కట్ దాకా కొట్టించారు. సగానికి తక్కువ ఆయిలే పట్టింది. అంటే ఆ రాత్రి ట్యాంకులో ఉండాల్సింది ఉన్నట్టే. మెకానిక్ ట్యాంకు పక్కన పడుకుని ఎర్త్ బోల్టు ఊడదీశాడు. కింద తెల్లటి పొడి, దాని కింద ఎర్ర తుప్పు. గరుకు కాగితంతో ఛాసిస్‌ని మెరిసేదాకా రుద్ది, కొత్త వాషర్ వేసి, పైన గ్రీజు పూశాడు. ముల్లు తన చోటికి వచ్చింది. రాత్రి దించిన కొబ్బరికాయలు కూడా అందులో కొంత వాటా తీసుకుని ఉంటాయి.

తర్వాత డ్రైవరే ఒక పని చేశాడు. ట్యాంకు దాదాపు ఎండిన రోజు బండిని చదునైన చోట పెట్టి, డబ్బాతో లీటరు చొప్పున పోస్తూ, ప్రతిసారీ కాసేపు ఆగి ముల్లు చూశాడు. మొదటి 5 లీటర్లకు ముల్లు కదల్లేదు. పావు గీత మీదికి వచ్చేసరికి 13, సగానికి 24, ఫుల్ మీద నిలబడేసరికి 40. మనవరాలి గోళ్ల రంగు తెచ్చి మీటరు అద్దం మీద నాలుగు చుక్కలు పెట్టుకున్నాడు. ఇప్పుడు మా బావ కూడా గీతలు చూడటం మానేసి ఎర్ర చుక్కలే చూస్తున్నాడు, లోడు దించాక మాత్రమే.